నిఘంటువులును మన సీమ పలుకులును

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములును వానిఁ జుట్టియున్న గ్రామములును బండితులకుఁ గొఱఁతలేని ప్రదేశములు. అచ్చటి పాఠశాలలయందలి తెలుఁగు పండితులు పాఠము చెప్పుటకు ముందు దేనిఁ జూచికొనుచున్నారు? చూచికొనిన గ్రంథము వారు నిలిచియున్న నేల పలుకును వారికిఁ జెప్పఁగలుగుచున్నదా? ఈ రెండు ప్రశ్నలను బట్టి కొన్ని నిఘంటువులను, వ్యాకరణములను, విజ్ఞానకోశములను నిచ్చట విమర్శింపఁ దలఁచితిని. గ్రంథములన్నియుఁ బ్రసిద్ధములే; వాని గుణములను బలువురు చెప్పియున్నారు. కావున స్తోత్రమునకుఁ దక్కువ చోటును, ఉపయోగవిచారమునకు నెక్కువ చోటును నిచ్చెదను.

పరీక్షల కొఱకు వెలువడు గైడులను మొదట నెత్తుకొని మొదటనే ముగింతును. ఇందలి యర్థములు మాటకొక మాటగా నుండును. ప్రయోగముండదు, లింగవచనములుండవు, ఆ యర్థమెచ్చటిదో చెప్పుట యుండదు. ఒకదానిఁ జూచి యొకటి వ్రాయఁబడుటచే నొకదానియందలి పొరపాటు పదింటియందుఁ బాదుకొనును. ప్రోలనఁగాఁ బట్టణమని గైడు భట్టిప్రోలు బాలునకుఁ జెప్పును. అది నిజమే. ఆ మాట తన యూరి పేరనే యున్నదని మాత్రము వానికెవ్వరును జెప్పరు. ఈ లోపము గైడుది యనుటకంటె, గైడు వ్రాసినవారు దేనిఁ జూచి వ్రాసిరో దానిది యనుట న్యాయము. కనుక మూలములకుఁ బోదము.

మన సీమలో సంస్కృతాభ్యాసము చేసినవారికి నేఁటికిని దొలి కోశ మమరమే. లింగాభట్టు గురుబాలప్రబోధికతోఁ జదివినవారికి నది తెలుఁగు కోశముగఁ గూడ నుపకరించును. అందొక విశేషమును మనవారు తఱచుగా మఱతురు. అమరసింహుఁడు ద్వితీయకాండమునందలి వైశ్యవర్గమున నాఁగలిని, దాని యంగములను, ధాన్యభేదములను జెప్పెను. శూద్రవర్గమున సాలె, కుమ్మరి, వడ్రంగి మున్నగువారి పేళ్ళను, వారి పనిముట్లను జెప్పెను. దేవతల పేళ్ళు చెప్పిన నోటితోనే నాఁగటి కఱ్ఱు పేరును జెప్పుట కతఁడు సంకోచింపలేదు. ఈషా, ఫాల, యుగకీలక శబ్దములను వల్లించిన బాలుఁడు పొలమునఁ గఱ్ఱు, మేడి, కాడి యను మాటలను విని, దేనికేది తెలుఁగో తెలిసికొనుటకే గదా టీక పుట్టినది! అయినను మన గురుకులములలో వైశ్యవర్గ శూద్రవర్గములను వేగముగా దాఁటించుట యాచారమయినది. శ్లోకములు కంఠమున నిలుచును. వస్తువులు కంటఁ బడవు.

తెలుఁగున వెలసిన పద్యకోశముల సంగతి వేఱు. పైఁడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా విభజించి పద్యములఁ గూర్చెను. అడిదము సూరకవి యాంధ్రనామశేషము దానికిఁ బూరకము. ఇవి కంఠస్థము చేయుటకేర్పడినవి గాని వెదకుటకేర్పడినవి కావు. పద్యమునఁ జోటు దొరకిన పర్యాయములే వచ్చును. యతిప్రాసములకు లొంగని మాట యెంత ప్రసిద్ధమైనను వెలినే నిలుచును. ఛందస్సు కోశకారునితోఁ గూడ సగపాలు గర్త యన్నమాట.

అకారాదిక్రమము వచ్చిన పిదప స్థితి మాఱెను. మచిలీపట్టణమున మామిడి వెంకయ్య కూర్చిన యాంధ్రదీపిక యాధారముగాఁ గ్యాంబెలు దొర 1821 లోఁ దన నిఘంటువును వెలువరించెను. చార్లెసు ఫిలిపు బ్రౌను తెలుఁగు ఇంగ్లీషు నిఘంటువు 1852 లోఁ బ్రకటితమయ్యెను. కచ్చేరీలలో వాడుకయందున్న హిందూస్థానీ, పారసీక, ఇంగ్లీషు పదములకై యాతఁడే 1854 లో మిశ్రభాషానిఘంటువును వేఱుగాఁ గూర్చెను. బ్రౌను తెలుఁగువాఁడు గాకపోవుట యొకవిధముగా లాభమే యయ్యెనని నా యభిప్రాయము. ఏది శిష్టమో యేది కాదో యను భయ మాతనికి లేకుండెను. కావ్యమునఁ గన్నదియు, వీథిని విన్నదియు నాతనికి వలసినవే. ఆ చొరవవలన నష్టమును గలిగెను. దేశ్యమునకుఁ దత్సమమునకు నెల్ల చెఱపివేసిన తావులు పెక్కు గలవు. 1903 నాఁటి కూర్పున వీరేశలింగము పంతులు ప్రభృతులు దానిని సంస్కరింపవలసి వచ్చెను.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885 లో వెలువడెను. ఒక్కని చేతిమీఁదుగా నింత నియమబద్ధమైన గ్రంథము పుట్టుట యాశ్చర్యకరము. ఏది తత్సమమో, యేది తద్భవమో, యేది దేశ్యమో ప్రతి పదమునకును గుర్తుండును, ప్రయోగమును జూపును. పాఠశాలాపండితుఁడు ధనముచాలక యొక్క నిఘంటువునే కొనఁగలిగిన నిదియే కొనవలయునని నేఁటికిని జెప్పుదును. అయినను, సంస్కృతకోశములలో సులభముగా దొరకు తత్సమములకే యిందు విస్తారమైన చోటు పోయినది. కావ్యమున నెక్కని దేశ్యమునకు సాక్షి యెవరు? కవి వాడలేదు కనుక ప్రయోగము లేదు. ప్రయోగము లేదు కనుక పదము లేదు. ఈ తర్కమున నొక దోషమున్నది; దానిని ముందు చెప్పుదును.

సూర్యరాయాంధ్రనిఘంటువు శబ్దరత్నాకరముకంటె నెంతో విశాలమైనది. 1911 లో జయంతి రామయ్యపంతులుగారు స్థాపించిన యాంధ్రసాహిత్యపరిషత్తు పిఠాపుర మహారాజుగారి పోషణమునఁ జేపట్టిన యీ పనిలో మొదటి సంపుటము 1936 లోఁ గాని వెలువడలేదు. ఒక్క సంపుటమునకుఁ బాతిక సంవత్సరములు! దీని జాప్యమును బరిహసించినవారిని నేనెఱుఁగుదును. లక్ష్యగ్రంథములను జదివి, పదము వెంటఁ బదముగాఁ బ్రయోగము లేఱి, పండితులు తమలోఁ దాము వాదించుకొని నిర్ణయించిన కోశమున కా కాల మధికము గాదు. కావ్యము చదువుచు సందేహము కలిగినచో నిదియే శరణ్యము.

నేఁడు ఆంధ్రభారతివారి యంతర్జాలనిఘంటుశోధనమున నొక్క మాట వ్రాసినచోఁ బెక్కు కోశముల యర్థము లొక్కచోటనే కానవచ్చుచున్నవి. పుస్తకములు కొనలేని పండితునకిది మహోపకారము. ఒక్క జాగ్రత్త మాత్రము చెప్పవలసియున్నది. పుటలు త్రిప్పి వెదకినవానికిఁ బీఠికయు, సంకేతపట్టికయు, ముందు వెనుకల పదములును గంటఁ బడెడివి. తెరమీఁద వెదకువానికి నర్థము మాత్రమే కానవచ్చును. ఏ కోశమున కేది ప్రమాణమో తెలియక, బ్రౌను వ్రాసిన దానిని శబ్దరత్నాకరము వ్రాసిన దానితో సమముగాఁ జూచి, యేది చిన్నదిగా నున్నదో దానిని నోటుపుస్తకమున నెక్కించుకొనుచున్నారు.

ఇఁక వ్యాకరణము. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858 లో వెలువడినది మొదలు నేఁటివఱకు పాఠశాలాపండితుని బల్లమీఁద నుండక తప్పని పుస్తకము. పది పరిచ్ఛేదములలో నంత పొదుపుగ, నంత స్పష్టముగ భాష నిమిడ్చిన గ్రంథము వేఱొకటి మనకు లేదు. దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారి రమణీయమును దగ్గఱ నుంచుకొని చదివినచో సంస్కృతము రానివారికిని సూరి హృదయము తెలియును. వజ్ఝల చినసీతారామస్వామిశాస్త్రిగారి యుద్ద్యోతము ప్రౌఢులకు. వీనిలో దేనిని జూచినను నొకటి స్పష్టము. లక్షణమునకు విరోధించు భాషను సూరి గ్రామ్యమనెను. గ్రామమునఁ బుట్టిన మాట యెల్ల గ్రామ్యమని యెచ్చటను జెప్పలేదు. ఈ భేదమును మనవారు మఱచిరి. కఱ్ఱు, మేడి, పడుగు, పేక, నాడె, కండె యను మాటలలో లక్షణవిరోధమేమున్నది? ఇవి శుద్ధదేశ్యములు. వచ్చినాఁడును వచ్చాడనుట గ్రామ్యమా కాదా యని వాదింపవచ్చును. తెనాలిలో 1943 ఫిబ్రవరియందు అభ్యుదయ రచయితల సంఘము తొలి మహాసభ జరుగుటకు ముందును వెనుకను నా వాదము సాగినది. నేనందుఁ గొన్నిటికి సమ్మతింపను, నా వ్రాఁతయే సాక్షి. కాని క్రియారూపములనుగూర్చిన యా వాదమునకును, సాలెవాని మగ్గముమీఁది పడుగుపేకలకును సంబంధమేమి? గ్రాంథికవాది యని చెప్పుకొనువాఁడు దేశ్యమును గ్రామ్యమని త్రోసివేసినచో సూరినే త్రోసివేసినవాఁడగును.

పాణినీయులకు ఈ విషయమునఁ బ్రమాణములు కొఱఁత లేవు. విపాశానదికి ఉత్తరతీరమునందలి బావుల పేళ్ళలో స్వరభేదమున్నదని గుర్తించి పాణిని యొక సూత్రమే చేసెను. బావుల పేళ్ళు! ఏ కవి వానిని శ్లోకమున నిబంధించెనని యతఁడు చూచెను? పతంజలి పస్పశాహ్నికమున, కోఁతకోయుటను జెప్పు ధాతువు క్రియారూపముగాఁ బ్రాచ్యులందును, కొడవలిని జెప్పు దాత్రశబ్దముగా నుదీచ్యులందును వాడుకయందున్నదని చెప్పెను. కొడవలి పేరు మహాభాష్యమున కెక్కినది. అంతకంటె రసవత్తరమైన దొక సంవాదము, రెండవ యధ్యాయమున నజధాతువునకు వీభావము విధించు సూత్రముమీఁది భాష్యమున నున్నది. ఒక వైయాకరణుఁడు ఈ రథమునకుఁ బ్రవేత యెవరని యడుగును. సారథి తానా రథమునకుఁ బ్రాజితనని బదులు చెప్పును. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపింపఁగా, సూత్రమువలన నేది ప్రాప్తించునో నీవెఱుఁగుదువు గాని యేది యిష్టమో యెఱుఁగవని సారథి సమాధానము చెప్పును. భాష్యకారుఁడు సారథి పక్షముననే నిలుచును. రథము తోలువానికిఁ దన వృత్తిపదము వైయాకరణునికంటె బాగుగాఁ దెలియునన్నమాట. సూత్రము దిద్దుకొన్నది, సారథి దిద్దుకొనలేదు. ఇంతకంటెఁ బెద్ద యనుమతి మనకెవరీయవలయును? కవిప్రయోగము లేదు కావునఁ బదము లేదను తర్కమునందలి దోష మిదియే: కావ్యము ప్రయోగమున కొక సాక్షి మాత్రమే. పొలము, మగ్గము, పడవ యనునవి తక్కిన సాక్షులు.

ఆ సాక్షులను బిలిచిన కోశము మనకొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము, మొదటి సంపుటము, వ్యవసాయపదములది, 1962 లో వెలువడెను. తరువాత వాస్తువు, చేనేత మొదలగు వృత్తులకును సంపుటములు వచ్చినవి. పరిశోధకులు గ్రామములకుఁ బోయి, పనివాండ్రనడిగి, వస్తువును జూచి, దాని పేరు వ్రాసికొని, యే ప్రాంతమున నేమందురో గుర్తించిరి. ఆ పదములను బరిశీలించియే తెలుఁగు నాలుగు మాండలికములుగా నున్నదనియు, గుంటూరు, కృష్ణా, గోదావరి మండలములు మధ్యమాండలికమనియుఁ గృష్ణమూర్తిగారు నిరూపించిరి. ఇట్టిది యీ కోశము. దీనిని జూచి మన పండితులు సంతోషింపవలసినది పోయి, యిది భాషాశాస్త్రజ్ఞుల సొమ్మని విడిచిరి. బాపట్లలో 1945 నుండి వ్యవసాయకళాశాల యున్నది. పాఠ్యమంతయు నింగ్లీషున సాగుచుండును. నాఁగటి యంగముల తెలుఁగుపేళ్ళు తెలిసిన రైతు కొడుకు పట్టము పుచ్చుకొని వెలువడునాఁటికి వానిని జెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాఁడు. అందఱట్టివారని యనను.

ఆ కోశమునకును లోపములున్నవి. వైయాకరణుఁడు కోరు రూపవివేచనము దాని లక్ష్యము కాదు. ఏ పద మౌపవిభక్తికమో, బహువచనమున నేమగునో, సమాసమున నెట్లు మాఱునో యది మనము చేసికొనవలసిన పని. నాఁగలి నాఁగటి యగునని సూరి చెప్పెను. తక్కిన పనిముట్ల పేళ్ళకు నట్లే యెవరు చెప్పుదురు? అదిగాక, 1962 నాఁటి పొలము నేఁడు లేదు. కృష్ణా పశ్చిమడెల్టాలో నెడ్ల నాఁగలి కానరాకయే పోవుచున్నది. వస్తువు పోయినచో మాటయుఁ బోవును. కొన్నియెడల మాట వస్తువుకంటె గట్టిది: ట్రాక్టరునకుఁ దగిలించి మడిని బురదగాఁ ద్రొక్కించు నినుపచక్రములను రైతులు దమ్ముచక్రములనుచున్నారు. దమ్ము పాతది, చక్రము పాతది, వస్తువు క్రొత్తది, సమాసము వారు చేసినది. ఏ పరిభాషాసంఘమును వారిని నడుపలేదు. ఈ సమాసమును బాఠమునఁ జెప్పిన పండితుఁడొక్కఁడైన నున్నాఁడా?

రేపల్లె ప్రాంతమునుండి యొక యుదాహరణము. నిజాంపట్టణము పూర్వము పెటపోలి యనఁబడిన రేవు. 1611 లో ఇంగ్లీషువారి గ్లోబు నావ వచ్చి యచ్చట నాఁగినది. ఆ తీరమున బెస్తవారు సముద్రము పొంగుటను బోటనియు, తగ్గుటను బాటనియు నందురు. పోటు శబ్దమును గైడునఁ జూచినచో గ్రుచ్చుట యని యుండును. దేవాలయమునఁ బాకశాల యనియు నర్థము కలదు. ఆ రేవు బాలునకు మొదటి యర్థము సముద్రపుఁ బోటే. పొడుచునుండి పోటు, పడునుండి పాటు, చెడునుండి చేటు వచ్చునని కృదంతపరిచ్ఛేదమునఁ జెప్పునపుడు, ప్రొద్దు పొడుచుట యందలి పొడుచు ధాతువే యీ పోటునందును నున్నదని చెప్పిన బాలున కొక్క పాఠమున రెండు తెలియును. ఈ వ్యుత్పత్తి నా యూహ. తెలిసినవారు విచారింతురు గాక.

ఊళ్ళ పేళ్ళు మఱియొక గని. తెనాలినుండి రేపల్లెకుఁ బోవు త్రోవను భట్టిప్రోలు. తెనాలి బాపట్లల నడుమ నిడుబ్రోలు. బాపట్ల రేపల్లెల నడుమ చందవోలు. ఒక్క ప్రోలు శబ్దము మూఁడు వేషములు ధరించి యీ మూఁడు పట్టణముల నడుమ నిలిచియున్నది. మొదటిదానఁ బరుషము పరుషముగనే యున్నది; రెండవదాన సరళమైనది; మూఁడవదానఁ బకారము వకారమై, ప్రొద్దు పొద్దయినట్లు రేఫమును బోయినది. వెలనాటి చోడుల రాజధానియైన చందవోలునకు ధనదపురమను సంస్కృతనామ ముండుటచే, తుదిపదము పట్టణవాచకమే యనుటకు సందేహము లేదు. బర్రో, ఎమెనోల ద్రావిడవ్యుత్పత్తికోశమును (1961, సంస్కరణము 1984) జూచినచోఁ గన్నడమున దీనికి జ్ఞాతియైన పొళల్ శబ్దము దొరకును. సరళాదేశమును, గసడదవాదేశమును జెప్పుట కింతకంటె దగ్గఱి లక్ష్యములేవి? ఎక్కడివో కావ్యములనుండి యుదాహరణములు దెచ్చి పిల్లలను విసిగించుచున్నాము. బస్సు ముందరి పలకమీఁద నున్న వానిని వదలుచున్నాము. భట్టిప్రోలు స్తూపమున దొరకిన ధాతుకరండములమీఁది ప్రాకృతలేఖనములను బ్యూలరు 1894 లో నెపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమునఁ బ్రకటించెను. క్రీస్తునకుఁ బూర్వపువగు నా యక్షరములు మన దేశపు లిపిచరిత్రలోఁ బ్రత్యేకస్థానము వహించినవి. ఆ సంపుటము రేపల్లెలోఁ గాని తెనాలిలోఁ గాని యే పాఠశాలాగ్రంథాలయమున నైన నుండిన మేలు.

విజ్ఞానసర్వస్వములనుగూర్చి యెక్కువ చెప్పను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యాంధ్రవిజ్ఞానసర్వస్వము మూఁడు సంపుటములతోఁ దొలి యక్షరముల మేరలోనే నిలిచెను. 1923 లో నాయన గతించిరి. నిలిచినంతవఱకు దానికి సాటి లేదు. తెలుఁగుభాషాసమితివారు 1947 తరువాత శాస్త్రమున కొక సంపుటముగాఁ జేసిన విభాగము, వెదకువానికంటెఁ జదువువాని కనుకూలము. ఈ రెండింటియందును దెలుఁగుపరిభాష కొఱకుఁ బడిన శ్రమ గొప్పది. ఆ పరిభాష తఱచుగా సంస్కృతమునుండి క్రొత్తగాఁ దీయఁబడినది. దమ్ముచక్రము చేసిన రైతు నడిగినచోఁ గొన్ని మాటలు సులభముగా దొరకియుండెడివి.

కాఁగా నిప్పుడేమి చేయవలయును? మూఁడు తాలూకాల పండితులును దమ తమ గ్రామములలో నొక్కొక్క వృత్తిని బట్టుకొని పట్టికలు వ్రాయవలయును. పదము, లింగము, బహువచనము, ఔపవిభక్తికమున్నచో నది, వస్తువుయొక్క వర్ణనము, వక్త చెప్పిన వాక్యము వక్త చెప్పినట్లే, గ్రామము పేరు, వ్రాసికొనిన సంవత్సరము. వాక్యమును మాత్రము గ్రాంథికముగా దిద్దరాదు; సాక్షి మాటను న్యాయాధిపతి దిద్దరాదు గదా. డెబ్బదియేండ్లు దాఁటిన రైతుల నడుగుటకు ముందుగా బయలుదేరవలయును. తక్కిన పనులాఁగిన నాఁగవచ్చును.

నీటిపాఱుదల మాటలతోఁ బ్రారంభించుట సులభము. 1855 లో బెజవాడకడఁ గృష్ణపై నానకట్ట ముగిసినది మొదలు కాలువలతోఁ గూడ మాటలును బ్రవహించినవి. దుగ్గిరాల లాకులను జూడని తెనాలివాఁడు లేఁడు. లాకు ఇంగ్లీషునుండి వచ్చిన యన్యదేశ్యము. నూటయేఁబది యేండ్లుగాఁ దెలుఁగు విభక్తులను ధరించి, లాకులు, లాకులలో, లాకులకడ నని తిరుగుచున్నది. కాలువ కావలివాఁడు లస్కరు, పొలమునకు నీరు దెచ్చు చిన్నకాలువ బోదె, నీటిని వదలునది తూము. నాలుగింటిలో రెండు దేశ్యములు కావచ్చును, రెండన్యదేశ్యములు. వీనికి గుర్తులు వేసి గ్రామముల పేళ్ళతో రెండు మూఁడు పుటల చొప్పునఁ బంపినచో నీ పత్రికయందే వరుసగాఁ బ్రకటింపవచ్చును.